రెండు పచ్చర్లు

లింబాద్రి గేరుబాక్సు మూతి దగ్గర దారం ఒక కొసను మేకుకు చుట్టి, రెండో కొసను వెనక ఇరుసు దాకా లాగాడు. ఒక కన్ను మూసి దారం వెంబడి చూశాడు. దారం ఎక్కడా వంకరపోలేదు. ఎడ్లబండి ఇరుసుకైనా, నొగకైనా ఆయన ఇట్లాగే చూస్తాడు. ఆయన తండ్రి కూడా ఇట్లాగే చూసేవాడు.

"సక్కగున్నది" అన్నాడు.

మోటరు కింద వెల్లకిలా పడుకున్న యాకూబు నవ్వాడు. "సక్కగున్నది గాబట్టే పనికి రాదన్నా."

"సక్కగుంటె పనికి రాదా? గిదేం సదువురా?"

"మోటరు సదువు. బండి సదువు యాద మరువు జర."

కామారెడ్డి స్టేషను వెనక లింబాద్రి కొట్టం ఉంది. నిన్న మొన్నటి దాకా అందులో ఎడ్లబండ్లే తయారయ్యేవి. ఇప్పుడు నడుమ దిమ్మెల మీద ఒక మోటరు అస్థిపంజరం నిలబడి ఉంది. నాగిరెడ్డిపేట గంగారాం పటేలు పాత కారు ఒకటి కొన్నాడు. దాని ఇంజను పాడైపోయింది. బోల్తాపడ్డ లారీ ఒకదాని నుంచి ఇంజనూ గేరుబాక్సూ తెచ్చి ఇందులో బిగించమన్నాడు. ముందు భాగంలో ఇంటివాళ్లు కూర్చోవాలి, వెనక బస్తాలు పట్టాలి. అందుకోసం చట్రాన్ని కోసి, నడుమ ఇనుప పట్టీలు అతికి పొడుగు చేశారు. చట్రం పొడుగైంది కాబట్టి ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే షాఫ్టు కూడా పొడుగు చేయవలసి వచ్చింది. చెక్కపని, కొలిమిపని లింబాద్రిది. ఇంజను, షాఫ్టు యాకూబువి. యాకూబు ఇదివరకు మిషనువాళ్ల మోటరు నడిపాడు, దాని కిందనే పడుకుని పని నేర్చాడు.

పని అయ్యాక మోటరు నడిపేది కూడా యాకూబే అని పటేలు మాట ఇచ్చాడు. నెల జీతం. ఆ మాట విన్నప్పటి నుంచి యాకూబు భార్య సాలవ్వ ఇంట్లో బీడీల చాట ఎప్పుడు మూలకు పెడదామా అని చూస్తూ ఉంది.

యాకూబు బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టాడు.

"ఇగో సూడు. షాఫ్టుకు ఈ కొసకొక కీలు, ఆ కొసకొక కీలు. ఇంజను జరంత ఎనకకు వంగి ఉన్నది గద? అప్పుడు ముందటి కీలు వంగే తిరుగుతది. ఎనకటి కీలు గూడ గంతనే వంగాలె. ఒకలు దండం పెడితె ఎదురుంగ ఉన్నోడు గూడ దండం పెట్టినట్టు. నువ్వు దారం పట్టి ఎనకటిదాన్ని సక్కగ నిలబెట్టినవు. ఒకడే వంగి ఇంకొకడు నిగిడి నిలబడితె నడుమున్న షాఫ్టు కొట్టుకుంటది. ముందుగాల మోగుతది. అటెనక ఇరుగుతది."

"మన ఊర్లల్ల ఎప్పుడు ఒకడే వంగుతడు గదరా. ఏమిరిగింది?"

"ఇనుముకు మనకున్నంత ఓపిక లేదన్నా."

లింబాద్రి నవ్వాడు గాని మనసు ఒప్పుకోలేదు. తన కన్ను ఇన్నేళ్లలో తప్పు చెప్పలేదు. అట్లాగని యాకూబును కాదనడానికీ లేదు. ఒకరికొకరు తప్పులు పట్టుకుంటూనే ఇంతదాకా వచ్చారు. మొన్న యాకూబు షాఫ్టు రెండు కొసల్లో కీలు పట్టే చెవులను ఒకదానికొకటి అడ్డంగా బిగించాడు. ఇంజను తిప్పగానే కొట్టం రేకులు గలగలమన్నాయి. రెండు చెవులూ ఒకే వరుసలో లేవని చూసి చెప్పింది లింబాద్రే. యాకూబు నెత్తి కొట్టుకుని విప్పి మళ్లీ బిగించాడు.

"మరి ఎనకది వంచుడెట్ల?" అన్నాడు లింబాద్రి.

"ఇరుసుకు, మీద బరువు మోసే కమాన్లకు నడుమ రెండు పచ్చర్లు ఎయ్యాలె. ఒక దిక్కు మందం, ఒక దిక్కు పల్చన. ఇనుపయి. నువ్వు కొట్టి రాకియ్యి, నేను కొలుస్త. గని ఒక కత ఉన్నది. మోటరు మీద బరువుండాలె. బరువు పడితె కమాన్లు దిగుతయి, ఇరుసు మూతి మారుతది. ఉత్తగ ఉన్నప్పుడు కొలిస్తె ఆ కొలత ఉత్తదే."

లింబాద్రి చేతిలోని దారం ఉండగా చుట్టుకున్నాడు. "పూజ కాకముందు బరువు ఎక్కనియ్యరు."

అది పటేలు ఇంటి పద్ధతి మాత్రమే కాదు, లింబాద్రి ఇంటి పద్ధతి కూడా. కొత్త బండి కొట్టం నుంచి ఖాళీగానే వెళ్లాలి. పూజ అయ్యాక, బండి ఎవరిదో ఆ ఇంటి ఆడమనిషి మొదటి గంప ధాన్యం దాని మీద పెట్టాలి. అంతవరకు గడ్డి కట్ట కూడా వేయరు. పటేలు తల్లి లక్ష్మీనర్సమ్మ ఈ పూజ కోసమే నాగిరెడ్డిపేట నుంచి వచ్చి కామారెడ్డిలో చుట్టాలింట్లో దిగింది. వచ్చిన రోజే కొట్టానికి మనిషిని పంపి ఆ మాట గుర్తు చేసింది.

"బస్తా ఎక్కద్దన్నది" అన్నాడు యాకూబు చేతులు తుడుచుకుంటూ. "మనిషి ఎక్కద్దన్నదా?"

లింబాద్రి దారపు ఉండను గోడ మేకుకు తగిలించాడు. వద్దని మాత్రం అనలేదు.

* * *

ఆదివారం లింబాద్రి ఎప్పటిలాగే యాకూబును పిలుచుకుపోవడానికి వాళ్ల వాడకు వచ్చాడు. యాకూబు గోడకు నిలబెట్టిన మంచం దించి వాల్చాడు.

"కూసో అన్నా."

"కూసుంటె పని కాదు."

రోజూ ఇదే మాట, రోజూ ఇదే జవాబు. ఆ మంచం మీద తాను ఎందుకు కూర్చోడో లింబాద్రికి తెలుసు, యాకూబుకూ తెలుసు. అయినా యాకూబు మంచం వాలుస్తూనే ఉండేవాడు. సాలవ్వ మాత్రం ఆ జవాబు విన్నప్పుడల్లా చాటలోని ఆకు వైపే చూసేది.

ఆ రోజు యాకూబు ఒక్కడే బయలుదేరలేదు. ప్రార్థన ముగించుకుని వచ్చిన వాడ సగం వెంట నడిచింది. సాలవ్వ, ఆమె తమ్ముడు ఏసయ్య, ముసలి ముత్తవ్వ, కూలి పని లేక ఇంటి దగ్గరున్న మగవాళ్లు. ఉతికిన బట్టలతో వచ్చారు. కొట్టంలో చట్రం మీద పలకలు పరిచి, యాకూబు ఒక్కొక్కరినీ చెయ్యి అందించి ఎక్కించాడు.

"మోటరెక్కిస్తనని తోలుకస్తివి, ఇది యాడికి పోతదిరా?" అని అడిగింది ముత్తవ్వ.

"యాడికి పోదవ్వా. కమాన్లు దిగేదాక ఊకె నిలబడు."

"నిలబడుటానికి మోటరెందుకురా? పటేలోళ్ల వాకిట్ల రోజు నిలబడుతనే ఉన్న గద!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే పలకలు ఊగాయి. కమాను పట్టీలు కిర్రుమని కిందికి దిగాయి. "కదలకుండ్రి! ఊపిరి గూడ మెల్లగ తీసుకోండ్రి!" అని కింద నుంచి అరిచాడు యాకూబు. అతని చేతిలో ఒక చెక్కపలక. దాని మీద గీతలు, పైకొస నుంచి వేలాడే దారానికి ఒక గుండు. పలకను ముందు గేరుబాక్సు మూతికి ఆనించి దారం ఏ గీత మీద నిలిచిందో చూశాడు. అదే పలకను వెనక ఇరుసు మూతికి ఆనించాడు.

"ఇంక జరంత లేవాలె. పల్చన దిక్కు ఇంక రాకన్నా."

లింబాద్రి పచ్చరును పట్టుకారుకు బిగించి ఆకురాయితో రాకాడు. ఇచ్చాడు. యాకూబు వేసి చూసి తిరిగి ఇచ్చాడు. మళ్లీ రాకాడు. పైన నిలబడ్డవాళ్లలో ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు. సాలవ్వ కొంగు నడుముకు చెక్కుకుని, పక్క ఇనుపపట్టీ పట్టుకుని, రేపో మాపో భర్త కూర్చోబోయే చోటు వైపు చూస్తూ నిలబడింది. లింబాద్రి వేళ్లు ఇనుపపొడితో నల్లబడ్డాయి. చాలా రోజుల తర్వాత పని చేస్తుంటే హాయి అనిపించింది ఆయనకు.

రెండో పచ్చరు కూడా కూర్చుంది. దారం ముందూ వెనకా ఒకే గీత మీద నిలిచింది. లింబాద్రి వంగి కింద నుంచి చూశాడు. వెనక ఇరుసు మూతి కొంచెం పైకెత్తి ఉంది, తల ఎత్తి ఎవరినో పలకరిస్తున్నట్టు. చూడటానికి వంకరే. కాని షాఫ్టును చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా నూనెలో తిరిగినట్టు తిరిగింది.

"కుదిరింది" అన్నాడు తనకు తెలియకుండానే.

అప్పుడే రోడ్డు మీద గొడుగు ఒకటి ఆగింది. పటేలు మనిషి మైసన్న. చట్రం మీద నిలబడ్డవాళ్లను ఒకసారి, లింబాద్రిని ఒకసారి చూశాడు. గొడుగు తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

* * *

మర్నాడు పొద్దున లక్ష్మీనర్సమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కొట్టంలోకి రాలేదు. వాకిట్లోనే నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఎవలెవలు ఎక్కిండ్రు, లింబాద్రి?"

ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"నువ్వు ఎక్కినవా?"

"లేదమ్మా."

"నువ్వు ఎక్కినా బాగుండు" అంది ఆమె. "మొత్తం ఇప్పేసి మల్ల కట్టుండ్రి. నేను గిట్ల కూసోను."

పటేలుకు అది ఇష్టం లేదు. తల్లి మాట తోసేసే ధైర్యం కూడా లేదు. "ఇది ఇనుమమ్మా. ఇనుముకు మైల ఏంది?"

"ఇనుముకు లేదు, నాకున్నది. కూసునేది నేను గద."

పటేలు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లింబాద్రి వైపు తిరిగాడు. "ఆళ్లు ఎక్కినంక మీరేమేం బిగిచ్చిండ్రు?"

ఏమీ లేదని అనవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కాని మైసన్న గొడుగు ఆయన కళ్ల ముందే ఉంది.

"రెండు పచ్చర్లు, పటేలా."

"గంతేనా? గవి తీసి పారెయ్. మిగిలింది పసుపు నీళ్లతోని కడిగిస్త. సరేనా అమ్మా?" చిన్నదానితో గండం గడిచిందన్నట్టు పటేలు ముఖం తేటపడింది.

యాకూబు అప్పటిదాకా కొలిమి పక్కన నిలబడి ఉన్నాడు. ముందుకు వచ్చాడు. "అవి తీయద్దు పటేలా. అవి తీస్తె మోగుతది. బరువు మీద పోతె షాఫ్టు ఇరుగుతది. కావాలంటె పూజయినంక మీ బస్తాలు ఎక్కిచ్చి మల్ల కొత్తయి ఏస్త. ఒక్క పూట ఆగుండ్రి."

"ముహూర్తం పెట్టుకున్నం. పూజగాంగనే ఎల్లారెడ్డికి పోవాలె. ఆగుడేంది?" పటేలు లింబాద్రిని చూశాడు. "ఏం లింబాద్రి, మోగుతదా?"

కొట్టంలో అందరూ ఆయన వైపే చూశారు. యాకూబు కూడా. నిన్న 'కుదిరింది' అన్న నోరు అదే. లింబాద్రి కంటికి గోడ మేకుకు వేలాడుతున్న దారపు ఉండ కనిపించింది.

"దారం వట్టి సూసిన పటేలా... సక్కగనే ఉంటది."

పటేలు "పూజ అయ్యేదాక నువ్వు ఇటు రాకు, తర్వాత సూస్తం" అన్నప్పుడు యాకూబు తల ఊపాడు. తన గుండు పలక తీసుకుని బయటికి నడిచాడు. గడప దగ్గర ఆగి, "నీ చేతుల్లనే ఉన్నదన్నా" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం లింబాద్రి పచ్చర్లు తీసేశాడు. వాటి చోట సమంగా ఉన్న కొత్త ఇనుప ముక్కలు పెట్టాడు. ఇరుసు మూతి చక్కగా నిలిచింది. దారం లాగి చూస్తే ఒక్క గీతలా ఉంది. ఇదే సరైనదేమో అనుకున్నాడు. ఇదే సరైనది కావాలని గట్టిగా కోరుకున్నాడు.

తీసిన పచ్చర్లను పారేయడానికి పెంట వైపు వెళ్లాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆకురాయి గీతలు ఇంకా మెరుస్తున్నాయి. అంత పని చేసిన ముక్కలను విసరడానికి చెయ్యి రాలేదు. నూనె గుడ్డలో చుట్టి పనిముట్ల సంచిలో అడుగున పెట్టాడు.

* * *

పూజ బాగా జరిగింది. లక్ష్మీనర్సమ్మ మొదటి గంప వడ్లు తన చేత్తో పెట్టింది. తర్వాత స్టేషనులో దిగిన ఉప్పు బస్తాలు ఎక్కించారు. నడపడానికి సాయిలు అనే మనిషిని ఎవరో కుదిర్చి తెచ్చారు. పటేలు, తల్లి, ఇంటివాళ్లు ముందు కూర్చున్నారు. లింబాద్రిని కూడా రమ్మన్నారు. ఆయన వెనక బస్తాల మీద, పనిముట్ల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఊరు దాటేదాకా ఏమీ లేదు. సాయిలు వేగం పెంచగానే కింద నుంచి సన్నని మోత మొదలైంది. తేనెటీగల తుట్టె దగ్గర నిలబడ్డట్టు. క్రమంగా ఆ మోత పలకల్లోకి ఎక్కింది. బస్తాల్లో నుంచి లింబాద్రి తొడల్లోకి వచ్చింది. సంచిలోని సుత్తి, పట్టుకారు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

"ఏందిరా గీ మోత?" అని లక్ష్మీనర్సమ్మ గొంతు వినిపించింది.

పటేలు వెనక్కి తిరిగాడు. "లింబాద్రీ! ఏందిది?"

చెప్పవచ్చు. ఆపమనవచ్చు. బరువు మీదనే ఉంది, సంచిలో పచ్చర్లు ఉన్నాయి. పూట గడవకముందే సరిచేయవచ్చు. కాని సంచి విప్పితే, పారేయమన్నవి ఎందుకు దాచావని అడుగుతారు. చక్కగా ఉంటుందని చెప్పింది ఎవరని అడుగుతారు.

"కొత్తది గద పటేలా" అన్నాడు. "నడువంగ నడువంగ సదురుకుంటది."

లింగంపేట దాటాక ఎత్తు ఎక్కుతుంటే మోత ఒక్కసారి ఆగింది. మరుక్షణం కింద సమ్మెటతో కొట్టినట్టు దెబ్బ. ముందటి కీలు విరిగి, షాఫ్టు ఊడి నేలకు గుచ్చుకుంది. మోటరు ఎగిరి అడ్డంగా తిరిగి ఆగింది. రెండు బస్తాలు పగిలి ఉప్పు రోడ్డంతా చిమ్మింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. లక్ష్మీనర్సమ్మ దిగి, రోడ్డు పక్కన నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆళ్లు తొక్కిన బండి గిట్లగాక ఎట్లయితది?" అంది.

పటేలు ఈసారి ఇనుముకు మైల ఏమిటని అడగలేదు. "యాకూబు పేరు ఇగ నా ముందట తియ్యకుండ్రి" అన్నాడు.

లింబాద్రి వంగి చిమ్మిన ఉప్పును దోసిళ్లతో ఎత్తుతున్నాడు. తల ఎత్తలేదు.

లింగంపేట నుంచి ఎడ్లబండ్లు తెప్పించుకుని పటేలు కుటుంబం ఎల్లారెడ్డికి వెళ్లిపోయింది. లింబాద్రీ, సాయిలూ మోటరు దగ్గర ఉండిపోయారు. విరిగిన కీలును లింగంపేట కమ్మరి కొలిమిలో అతికించి తెచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. సాయిలు చెట్టు నీడన నిద్రపోతున్నాడు. బస్తాలు మీదనే ఉన్నాయి. కమాన్లు దిగి ఉన్నాయి.

లింబాద్రి సంచి అడుగు నుంచి నూనె గుడ్డ తీశాడు. మోటరు కిందికి దూరి, తాను పెట్టిన సమమైన ముక్కలు తీసి, రెండు పచ్చర్లు వేశాడు. కొలవడానికి గుండు పలక లేదు. అవసరం కూడా పడలేదు. అవి తమ చోటు తెలిసినట్టు వెళ్లి కూర్చున్నాయి. మరలు బిగిస్తుంటే చట్రం మీద నిలబడి నవ్విన ముత్తవ్వ గొంతు చెవిలో పడ్డట్టయింది. ఆ బరువుకు కుదిరిన ముక్కలు ఈ బరువుకు కూడా కుదిరాయి.

ఎల్లారెడ్డి దాకా మోటరు చప్పుడు చేయలేదు. సాయిలు రెండుసార్లు వెనక్కి చూశాడు, షాఫ్టు ఉందో ఊడిందో అన్నట్టు.

పటేలు దిగిన ఇంటి ముందు ఆపారు. ఆయన ఎక్కి ఊరి చివరిదాకా వెళ్లి వచ్చాడు. దిగి లింబాద్రి భుజం మీద చెయ్యి వేశాడు. అంతకు ముందెన్నడూ అట్లా వేయలేదు.

"నీ చెయ్యి పడ్డంక గని సుద్దం కాలేదు. సూసినవా అమ్మా?"

లక్ష్మీనర్సమ్మ లోపలి నుంచి కొత్త ధోవతి తెప్పించి ఇప్పించింది.

"పటేలా, ఆ యాకూబు..." అన్నాడు లింబాద్రి.

"ఆని ముచ్చట ఇడిసిపెట్టు. నడుపుటానికి సాయిలు ఉన్నడు." పటేలు అప్పటికే మోటరు చుట్టూ మూగినవాళ్ల వైపు తిరిగాడు.

ధోవతి లింబాద్రి చేతుల్లో ఉంది. మడత కూడా చెదరలేదు. ఆయన మాట మిగిలే ఉంది, వినేవాళ్లే అక్కడ లేరు. పిలిచి చెప్పవచ్చు. పిలవలేదు.

* * *

కామారెడ్డికి తిరిగొచ్చాక కూడా ఆయన వెంటనే యాకూబు ఇంటికి వెళ్లలేదు. ఈలోపు పటేలు మోటరు స్టేషనుకు వస్తూ పోతూ ఉంది. చివరకు ఒక పొద్దున, పనికి పిలుచుకుపోవడానికి పని లేకపోయినా, ఆ వాడకు నడిచాడు.

వాకిట్లో యాకూబు సాలవ్వ పక్కన కూర్చుని తునికాకు కోస్తున్నాడు. రేకు ముక్కను ఆకు మీద పెట్టి, దాని అంచు వెంబడి కత్తెర తిప్పుతున్నాడు. పెద్ద వేళ్లు. కత్తెర పిడిలో సగమే దూరాయి.

"ఏందన్నా, గిటు వచ్చినవు?"

"ఊకెనే."

సాలవ్వ తల ఎత్తలేదు. చాటలో బీడీలు వరుసగా పేరుస్తూ ఉంది.

యాకూబు కోసిన ఆకు పక్కన పెట్టి అన్నాడు.

"మోగుతలేదు."

లింబాద్రి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నిన్న మోటరు గీ రోడ్డుమీద పోతుంటె ఇన్న" అన్నాడు యాకూబు. "నిండ బస్తాలున్నయి. అయినా మోత లేదు. నేను అనుకున్నట్టే ఉన్నది." ఆ గొంతులో కోపం లేదు. పని కుదిరినవాడి సంతోషం ఒక్క క్షణం అందులో తొంగిచూసింది. లింబాద్రికి అదే భరించరానిదిగా తోచింది.

"యాకూబూ, పటేలు దగ్గర నేను..."

"మంచిగ నడుస్తున్నది గదన్నా. గంతే." ఇంకో ఆకు తీసుకుని రేకు కింద పెట్టాడు.

మంచం గోడకు నిలబెట్టే ఉంది. లింబాద్రి దాని వైపు చూశాడు. ఇవాళ కూర్చోవాలనే వచ్చాడు. దారంతా అదే అనుకుంటూ వచ్చాడు. కూర్చుంటే మిగతా మాటలు ఎట్లాగో వస్తాయనుకున్నాడు. యాకూబు కత్తెర ఆకు అంచు చుట్టూ తిరిగింది. సాలవ్వ లేచి, చీపురు తీసుకుని, ఆకు తుంపులు ఊడుస్తూ ఆయన కాళ్ల దాకా వచ్చింది. ఆయన పక్కకు జరిగాడు. ఇంకొంత ఊడ్చింది. ఇంకొంత జరిగాడు.

గడప దగ్గరికి వచ్చేసరికి నోటికి అలవాటైన మాటే బయటికి వచ్చింది.

"కూసుంటె పని కాదు. పోయొస్త."

ఆయనను ఎవరూ కూర్చోమనలేదు.